కొరియా కంపెనీతో నమ్మకం ఎలా కుదుర్చుకోవాలి? మొదటి విజిటింగ్ కార్డు నుంచి మనిషి మారేదాకా

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. పెనుకొండ దగ్గర ఒక కొరియన్ విడిభాగాల కంపెనీ మీటింగ్ రూమ్. టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద మా ప్రెస్ షాపు నుంచి మేం పంపిన బ్రాకెట్లు మూడు పెట్టారు. క్వాలిటీ మేనేజర్ ఒకటి చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు తడిమాడు. వేలి మీద సన్నటి తెల్ల గీత పడింది. అంచున బర్, అంటే కోసినప్పుడు మిగిలే పదునైన లోహపు పొర, మిగిలిపోయిందని మాకూ తెలుసు. "ఎందుకిలా అయింది?" అని అడుగుతాడనుకుని, ముక్కను కోసే అచ్చు, అంటే డై, అరిగిపోయిన సంగతి ఫొటోలతో సహా సిద్ధం చేసుకుని వెళ్లాం. ఆయన ఆ ఫొటోల వైపు చూడనే లేదు. "మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

గురువారం మధ్యాహ్నమే తెలిసింది. సోమవారం లోపు కొత్త లాట్ కొట్టి మార్చేద్దాం, ఈలోగా వాళ్లకెందుకు టెన్షన్ పెట్టడం అనుకున్నాం. ఆ మాట చెప్పగానే ఆయన నోట్‌బుక్ మూసేశాడు. తర్వాత నాలుగు నెలలపాటు మా నుంచి వెళ్లిన ప్రతి ముక్కనూ మా ఖర్చుతోనే వాళ్ల గేటు దగ్గర ఒక్కొక్కటిగా పరీక్షించారు. బర్‌కి పడిన శిక్ష అది అని మా ఓనర్ గారు చాలాకాలం అనుకున్నారు. నిజానికి అది ఆ రెండు రోజుల మౌనానికి పడింది.

అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని మన పెద్దలు అన్నారు. కొరియన్లతో వ్యాపారంలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. కార్డు ఎలా ఇవ్వాలి, గ్లాసు ఎలా పట్టుకోవాలి అని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. అవీ కావాలి, కింద రాశాను. కానీ చెడు వార్తను మన నోటితో, మనమే ముందుగా, భయపడకుండా చెప్పుకోగలిగే సంబంధం ఏర్పడకపోతే ఆ మర్యాదలేవీ కంపెనీని నిలబెట్టవు.

ఇది ఎవరికి పనికొస్తుందంటే, మన దగ్గర ఇప్పుడు చాలామందికే. కియా 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గరి ఎర్రమంచి ప్లాంటు నుంచి మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యమున్న ఆ ఫ్యాక్టరీ వెంట కొరియా నుంచి విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. శ్రీసిటీలో ఎల్‌జీ 2025 మేలో రూ.5,000 కోట్ల ప్లాంటుకు శంకుస్థాపన చేసింది. వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో బట్టల కంపెనీ యంగ్‌వన్ ఉంది. హైదరాబాద్‌లో హ్యుందాయ్, దాని విడిభాగాల సంస్థ మోబిస్ ఇంజినీరింగ్ సెంటర్లు ఉన్నాయి. వీళ్లకి ప్రెస్ పార్టులు, ప్యాకింగ్, క్యాంటీన్, లారీలు, సాఫ్ట్‌వేర్ ఇచ్చేది మనవాళ్లే. ఆ కంపెనీలు నడిపేవాళ్ల కోసం, అక్కడ కోఆర్డినేటర్లుగా నలిగిపోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి మెట్టు: అవతలి కంపెనీ ఎవరో కాగితం మీద చూసుకోండి

పరిచయం బాగా జరిగిందని వివరాలు అడగడం మానేయకండి. కొరియాలో ప్రతి వ్యాపారానికీ పది అంకెల రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, మూడు, రెండు, అయిదు అంకెలుగా విడదీసి రాస్తారు. ఆ ధ్రువపత్రం కాపీ అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు, వాళ్ల మధ్య వాళ్లూ మొదట మార్చుకునేది అదే. ఆ నంబర్ ఇంకా చెల్లుతోందో లేదో కొరియా పన్ను శాఖ వాళ్ల హోమ్‌టాక్స్ సైట్‌లో తెలిసిపోతుంది. కంపెనీ కొంచెం పెద్దదైతే దాని లెక్కలు ఆర్థిక పర్యవేక్షణ సంస్థ నడిపే 'డార్ట్' సైట్‌లో ఉంటాయి. ఎక్కువగా కొరియన్ భాషలోనే ఉన్నా బ్రౌజర్ అనువాదంతో అమ్మకాలు, అప్పులు అర్థమవుతాయి. 1962 నుంచి ఉన్న వాళ్ల ప్రభుత్వ వాణిజ్య సంస్థ 'కోట్రా' కూడా ఇలాంటి పరిచయాలకు సాయం చేస్తుంది.

మీ వైపు కాగితాలూ అదే రోజు పంపండి. జీఎస్టీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్, యంత్రాల జాబితా. అడగకముందే పంపితే మీ మీద వాళ్లకు పడే మొదటి గుర్తు అదే అవుతుంది. యంత్రాల జాబితాలో ఆర్డర్ పెట్టిన మెషీన్‌ని ఉన్నట్టు రాయకండి. వాళ్లు ఫ్యాక్టరీకి వస్తారు, లెక్కపెడతారు.

రెండో మెట్టు: కూర్చోబెట్టే మనిషిని చూసి పంపండి

మన దగ్గర కుటుంబ కంపెనీల్లో ఇరవై ఆరేళ్ల అబ్బాయి కార్డు మీద కూడా 'డైరెక్టర్' అని ఉంటుంది. కొరియన్లకి ఆ మాట వినగానే గుర్తొచ్చేది ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి బోర్డు గదిలోకి అడుగుపెట్టిన మనిషి. వాళ్ల దగ్గర మెట్లు స్పష్టంగా ఉంటాయి. సావన్ అంటే కొత్త ఉద్యోగి, తర్వాత డేరి, క్వాజాంగ్, ఛాజాంగ్, విభాగానికి పెద్ద అయిన బుజాంగ్. ఆ పైన డైరెక్టర్ స్థాయిలో ఇసా, సాంగ్‌ము, జొన్ము. కంపెనీ యజమాని లేదా అధిపతి సాజాంగ్. ఇక్కడి ప్లాంటు మొత్తానికి పెద్దని బొబిన్‌జాంగ్ అంటారు. కొన్ని పెద్ద కంపెనీలు ఈ మెట్లు తగ్గించేశాయి. హ్యుందాయ్ 2019లో వీటిని మేనేజర్, సీనియర్ మేనేజర్ అనే రెండింటికి కుదించింది. అయినా విడిభాగాల కంపెనీల్లో పాత పిలుపులే ఎక్కువగా వినిపిస్తాయి.

కాబట్టి అవతల బుజాంగ్ వస్తుంటే మీ వైపు నుంచి పదిహేనేళ్ల అనుభవమున్న ప్లాంట్ హెడ్ ఉండాలి. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టండి, నేర్చుకుంటాడు. సాజాంగ్ వస్తుంటే మీ ఓనర్ గారు ఊళ్లో ఉండి తీరాలి. తిరుపతి వెళ్లారని చెప్పి జీఎంని పంపితే వాళ్లు పైకి ఏమీ అనరు, కానీ మీ కంపెనీ దృష్టిలో తమ స్థానం ఏమిటో వాళ్లకు అర్థమైపోతుంది.

కార్డు రెండు చేతులతో, అక్షరాలు వాళ్ల వైపు ఉండేలా, కొంచెం తల వంచి ఇవ్వండి. తీసుకున్న కార్డును చదవండి, మీటింగ్ అయ్యేదాకా టేబుల్ మీదే ఉంచండి. ప్యాంటు వెనక జేబులో పెట్టకండి, దాని మీద ఏమీ రాయకండి. మనిషి పేరును ఎర్ర సిరాతో రాయడం వాళ్లకు అశుభం. అందుకని క్వాలిటీ రిపోర్టుల్లో దిద్దుబాట్లకి ఎర్ర పెన్ను వాడినా పేర్లు నల్ల సిరాలోనే ఉండనివ్వండి.

పిలిచేటప్పుడు పేరు కాకుండా ఇంటిపేరు, హోదా, చివర 'నిమ్'. కిమ్ బుజాంగ్‌నిమ్, పార్క్ ఛాజాంగ్‌నిమ్. 'నిమ్' అంటే మన 'గారు'. దక్షిణ కొరియాలో అయిదుగురిలో ఒకరు కిమ్, అందుకే మెయిల్లో పూర్తి పేరు, విభాగం రాయకపోతే ఏ కిమ్ గారో తేలదు. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వాళ్లకీ మనకీ ఒకటే, ఇది చెబితే వాళ్లు భలే సంతోషిస్తారు. కాకపోతే మనం ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి, తర్వాత మూడు పేర్లు రాస్తాం. ఏ పేరుతో పిలవాలో వాళ్లకు తెలియదు. మీ కార్డు వెనక పిలిచే పేరు ఒక్కటి కొరియన్ లిపిలో వేయించండి. వాళ్ల లిపిలో 'వ' ధ్వని లేదు, వెంకట్ 'బెంకాట్' అవుతాడు. అది వెక్కిరింపు కాదు.

వయసెంత, ఏ కాలేజీ, పెళ్లయిందా అని మొదటి రోజే అడుగుతారు. మన ఊళ్లో ఎవరింటివాళ్లు బాబూ అని అడిగినట్టే. మాట్లాడే పద్ధతి వయసును బట్టి మారే భాష వాళ్లది, తెలుసుకోకపోతే నోరు తిరగదు.

మూడో మెట్టు: 'సరే' అన్న మాటను కొలిచి వాడండి

ఇక్కడ నేను కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మంచి మనసున్న తెలుగువాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

"ఇరవయ్యో తారీఖుకి అవుతుందా?" అని అడిగితే మన నోటి నుంచి "అయిపోతుంది సార్" అని వచ్చేస్తుంది. మన ఉద్దేశం మోసం చేయడం కాదు. ఎదుటివాడి మొహం మీద లేదనడం మనకు బాగోదు. గట్టిగా ప్రయత్నిస్తాం అని మన లెక్క. కొరియన్ మేనేజర్ ఆ మాటను అలాగే రాసుకుంటాడు. సాయంత్రానికి అది సియోల్‌కో ఉల్సాన్‌కో రిపోర్టుగా వెళ్తుంది. ఇరవయ్యో తారీఖు దాటితే ఇబ్బంది పడేది మీరొక్కరే కాదు, మీ మాట నమ్మి పైవాడికి చెప్పిన ఆయన కూడా తన వాళ్ల ముందు తల దించుకుంటాడు. అది ఆయన మరిచిపోడు.

అందుకని తేదీ చెప్పేముందు "రేపు పదకొండు గంటలకు ఖాయంగా చెబుతాను" అనండి. చెప్పినట్టు పదకొండుకే చెప్పండి. ఇరవై అసాధ్యమైతే "ఇరవైకి 600 ముక్కలు, ఇరవై నాలుగుకి మిగతా 400" అని విడగొట్టి చెప్పండి. "త్వరగా, త్వరగా" అనే 'పల్లి పల్లి' మాట మీరు రోజుకు పదిసార్లు వింటారు. ఆ తొందర చూసి భయపడి తప్పుడు తేదీ ఇవ్వకండి. వాళ్లు తొందరపెట్టేది తమ పద్ధతి ప్రకారం. మీరు ఖచ్చితంగా చెబితే ఆ పద్ధతిలోనే గౌరవిస్తారు.

ఇక వాళ్ల మాటలు. వాళ్లూ మొహం మీద లేదనరు. "కొమ్‌తో చేస్తాం" (పరిశీలిస్తాం) అన్నారంటే, మనం "చూద్దాంలెండి" అన్నట్టు. అరవై పాళ్లు కాదనే అర్థం. "కొంచెం కష్టం" అని గాలి పీల్చుకుంటూ అంటే అది పూర్తిగా కాదనడమే, మళ్లీ అడగకండి. 'నే' అంటే అవును అని నిఘంటువులో ఉంటుంది. సమావేశంలో మాత్రం వింటున్నాను అన్నంత వరకే దాని అర్థం. మన తల ఊపు కూడా వాళ్లకు అర్థం కాదు. అటూ ఇటూ ఊపితే ఒప్పుకున్నామో కాదన్నామో తెలియక ఇబ్బంది పడతారు. నోటితో చెప్పండి.

గదిలోని గాలి పసిగట్టడాన్ని వాళ్లు 'నున్‌చి' అంటారు. పైఅధికారి ముందు ఆయన కింది మనిషి తప్పు ఎత్తి చూపకపోవడం నున్‌చి. ధర విషయం అందరి ముందు తేల్చకుండా, మీటింగ్ అయ్యాక టీ దగ్గర కదపడం నున్‌చి. మన భాషలో సమయం సందర్భం తెలియడం.

ప్రతి మీటింగ్ అయిన రోజే ఒక పేజీ మినిట్స్ పంపండి. ఏం అనుకున్నాం, ఎవరు చేస్తారు, ఏ తేదీకి. మూడు నిలువు గళ్లు చాలు. నాకు తెలిసినంతలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నమ్మకం తెచ్చే పని ఇంకోటి లేదు.

నాలుగో మెట్టు: మీ ఎదురుగా ఉన్నాయన ఒక్కడే నిర్ణయం తీసుకోడు

కొరియన్ కంపెనీలో ఖర్చయినా, కొత్త సప్లయర్ అయినా ముందు ఒక అనుమతి పత్రం తయారవుతుంది. దాన్ని 'పుమి' అంటారు. అది కింది ఉద్యోగి దగ్గర మొదలై ఒక్కో సంతకంతో పైకి ఎక్కుతుంది. ఇక్కడి బుజాంగ్ గారికి మీరంటే ఎంత ఇష్టమున్నా ఆ కాగితం హెడ్ ఆఫీసులో ఆగితే ఆయనేం చేయలేడు.

మీరు చేయాల్సింది ఆ కాగితం రాసే కుర్రాడికి సాయం చేయడం. ఆ డేరి గారికి కావాల్సిన పోలిక పట్టిక, ధరల విభజన, ఫొటోలు, రిస్క్ ఏమిటి, దానికి మందు ఏమిటి అన్నీ ఆయన కాపీ చేసుకోగలిగేలా ఎక్సెల్‌లో ఇవ్వండి. పీడీఎఫ్ పంపితే ఆయన రాత్రంతా మళ్లీ టైప్ చేసుకుంటాడు. ఈ చిన్న పని చేసిన సప్లయర్ పేరు ఆయనకు జీవితాంతం గుర్తుంటుంది, ఆయనా ఒకరోజు బుజాంగ్ అవుతాడు.

టైమ్ చూసుకోండి. కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందు. మన మధ్యాహ్నం రెండున్నరకి అక్కడ సాయంత్రం ఆరు. ఈ రోజే సంతకం కావాలంటే ఫైలు మన టైమ్‌లో పదకొండు లోపు వెళ్లాలి. సొల్లాల్, ఛుసొక్ అనే రెండు పెద్ద పండగలు చాంద్రమానం ప్రకారం వస్తాయి కనుక మన పండగల్లాగే తేదీలు ఏటా మారతాయి. జూలై చివర, ఆగస్టు మొదట్లో ఫ్యాక్టరీలకు వేసవి సెలవులు. సంక్రాంతి, దసరాలకు మన దగ్గర మనుషులు ఎంతమంది రారో కూడా ఏడాది మొదట్లోనే కాగితం మీద పెట్టి వాళ్లకివ్వండి. కనుమ రోజు లైన్ ఎందుకు ఆగిందో అప్పటికప్పుడు వివరించడం చాలా కష్టం.

అయిదో మెట్టు: చెడు వార్త మీ నోటి నుంచే ముందు వెళ్లాలి

అసలు సంగతి ఇదే.

తప్పు తెలిసిన గంటలోపు ఫోన్. కారణం తెలియకపోయినా ఫర్వాలేదు. "పదకొండున్నరకు లాట్‌లో బర్ కనపడింది. నిన్న పంపిన 1,200 ముక్కల్లో కూడా ఉండొచ్చు. మీ స్టోర్‌లో ఆ లాట్‌ని ఆపండి. మా మనుషులు ఇద్దరు బయల్దేరారు, ఒంటిగంటకు అక్కడుంటారు." ఇంతే. ఇందులో క్షమాపణ, కారణం, డ్రైవర్ కథ ఏదీ లేదని గమనించండి. వాళ్లకు ఆ క్షణంలో కావాల్సింది ఎన్ని ముక్కలు, ఎక్కడున్నాయి, లైన్ ఆగుతుందా అన్నవి మాత్రమే. ఫోన్ తర్వాత అదే విషయం వాళ్ల మెసేజింగ్ యాప్ కకావోటాక్‌లో లేదా వాళ్లు వాడే గ్రూపులో ఫొటోతో పెట్టండి.

ఇరవై నాలుగు గంటల్లో మొదటి కాగితం. దీన్ని వాళ్లు 'దేఛెక్‌సొ' అంటారు, అంటే చర్యల పత్రం. అందులో ఎందుకు తయారైంది అన్నది ఒకటి, ఎందుకు దొరక్కుండా బయటికి వెళ్లింది అన్నది ఇంకొకటి. మనవాళ్లు మొదటి దానికే జవాబు రాసి ఆపేస్తారు. రెండోది రాయని కాగితం వెనక్కి వస్తుంది. కారణం దగ్గర 'ఆపరేటర్ అజాగ్రత్త', చర్య దగ్గర 'ట్రైనింగ్ ఇచ్చాం' అని రాయకండి. కొరియన్ ఇంజినీర్ అది చదివి మీరు అసలు వెతకలేదని అనుకుంటాడు. ఆ మనిషి అజాగ్రత్తగా ఉన్నా తప్పు ముక్క ముందుకు వెళ్లకుండా అడ్డుపడేది ఏం పెట్టారు? డై ఎన్ని దెబ్బలకు మార్చాలో కౌంటర్ పెట్టారా? అది రాయండి, దాని ఫొటో పెట్టండి.

వారం తర్వాత వాళ్లు మీ షాప్‌కి వస్తారు. ఆఫీసులో కూర్చోబెట్టి ప్రజెంటేషన్ చూపించడానికి ప్రయత్నించకండి, ప్రెస్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆపరేటర్‌ని మాట్లాడనివ్వండి. మా దగ్గర రెండోసారి ఇలాంటిది జరిగినప్పుడు నలభై నిమిషాల్లో ఫోన్ చేశాం. ఆ క్వాలిటీ మేనేజరే వచ్చాడు. మా ఆపరేటర్ కౌంటర్ చూపించి, ఎనిమిది వేల దెబ్బల దగ్గర ప్రెస్ దానంతటదే ఆగిపోవడం ఒకసారి చేసి చూపించాడు. మేనేజర్ ఇంకోసారి చేయమన్నాడు. మూడోసారి కూడా. తర్వాత ఆ అబ్బాయి భుజం తట్టి, బయటికొచ్చి, గేటు దగ్గర పరీక్ష ఇక వద్దని తన టీమ్‌కి అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

చెప్పకుండా మార్చకపోవడం కూడా ఇందులో భాగమే. మనిషి, యంత్రం, ముడిసరుకు, పద్ధతి ఈ నాలుగింటిలో ఏది మారినా ముందుగా చెప్పాలన్నది అక్కడి ఆటోమొబైల్, ఎలక్ట్రానిక్స్ కంపెనీలన్నింటికీ తెలిసిన నియమం, దాన్ని 'ఫోర్ ఎం' మార్పు అంటారు. ధర తక్కువని స్టీల్ వేరేచోట కొన్నా, ప్లేటింగ్ వేరే షాపులో చేయించినా, అది మంచికే అయినా ముందు చెప్పి, శాంపిల్ ఇచ్చి, అనుమతి వచ్చాకే చేయండి. చెప్పకుండా చేసిన మంచి మార్పు బయటపడినా సంబంధం చెడుతుంది.

ఆరో మెట్టు: అగ్రిమెంటు, డబ్బు

కొరియన్ అగ్రిమెంట్లలో రెండు పక్షాలనూ 'కాప్', 'ఉల్' అని రాయడం పాత అలవాటు. కాప్ అంటే పైచేయి ఉన్న కొనుగోలుదారు, ఉల్ అంటే పని చేసిచ్చేవాడు. పైచేయి ఉంది కదా అని కింది కంపెనీని నలిపేయడాన్ని 'కాప్‌జిల్' అంటారు, అక్కడి జనానికే అది పెద్ద తిట్టు. మనతో కూడా కొందరు అలా చేస్తారు, చేయరని నేను చెప్పను. ఏటా ధర తగ్గించమంటారు. అప్పుడు గొంతు పెంచినా లాభం లేదు, ఊరికే ఒప్పుకున్నా లాభం లేదు. ముడిసరుకు, కరెంటు, జీతాలు విడివిడిగా చూపే లెక్క పెట్టి, ఎక్కడ తగ్గించగలరో అక్కడ తగ్గించండి. మిగతాది ఎందుకు కాదో అంకెల్లో చూపండి. ఒక విషయం మీకు అండగా ఉంటుంది. ముఖ్యమైన ముడిసరుకు ధర మారితే సరఫరా ధర కూడా దాన్ని అనుసరించాలనే నియమాన్ని కొరియా 2023 అక్టోబరు 4 నుంచి తన దేశంలో అమల్లో పెట్టింది. అది ఇక్కడి ఒప్పందాలకు వర్తించదు. కానీ స్టీల్ ధరకు ముడిపెట్టిన నిబంధన అడిగితే హెడ్ ఆఫీసుకి అది కొత్త మాటేమీ కాదు.

చెల్లింపు గడువు గురించి మొదట్లోనే మాట్లాడండి. కొరియా సబ్‌కాంట్రాక్టింగ్ చట్టం ప్రకారం అక్కడ సరుకు అందిన 60 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, వాళ్ల మనసులో ఆ లెక్కే ఉంటుంది. మన ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే కొన్న కంపెనీకి ఆదాయపు పన్నులో ఆ ఖర్చు మినహాయింపు, డబ్బు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే దొరుకుతుంది. ఇది బెదిరింపులా కాకుండా వాళ్లకు నష్టం రాకుండా చెప్పే సమాచారంలా, ఉద్యమ్ సర్టిఫికెట్‌తో పాటు వాళ్ల అకౌంట్స్ విభాగానికి మొదటి నెలలోనే పంపండి. ఆరు నెలల తర్వాత లాయర్ నోటీసులో చెబితే అది వేరే కథ అవుతుంది.

కొరియా నుంచి టెక్నాలజీ గానీ, నిపుణుల సేవ గానీ తీసుకుంటున్నారా? అయితే టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే మనం పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, గురించి ముందే చెప్పాలి. 2016 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న రెండు దేశాల పన్ను ఒప్పందం కింద రాయల్టీ, సాంకేతిక సేవల రుసుము మీద గరిష్ఠంగా 10 శాతం. దానికి వాళ్ల పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. నాకు తెలిసిన ఒక హైదరాబాద్ కంపెనీ ఇది చెప్పకుండా వందకు తొంభై పంపింది. అవతలి చిన్న కంపెనీ సాజాంగ్ పది దొంగిలించారనే అనుకున్నాడు, చలానా కాపీ చూపించాక కూడా ఆ మొదటి అనుమానం పోవడానికి ఏడాది పట్టింది. ధర మాట్లాడే రోజే ఆ పది ఎవరు భరిస్తారో రాసుకుని ఉంటే సరిపోయేది.

దిగుమతి చేసుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. భారత్, కొరియా మధ్య 2010 జనవరి 1 నుంచి ఉన్న సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కింద సుంకం తగ్గాలంటే సరుకు నిజంగా కొరియాలో తయారైందన్న ధ్రువపత్రం కావాలి. 2020 సెప్టెంబరు నుంచి మన కస్టమ్స్ ఆ వివరాలు దిగుమతిదారు దగ్గరే ఉండాలంటోంది. అవి అడిగితే తమ రహస్యాలు లాగుతున్నారని కొందరు కొరియన్లు ముడుచుకుపోతారు. నిబంధన కాపీని మెయిల్‌కు జోడించి, ఏ గడి ఎందుకో వివరించి అడగండి.

బ్యాంకు ఖాతా మారిందని ఎప్పుడు మెయిల్ వచ్చినా, ఎంత తెలిసినవాళ్ల పేరుతో వచ్చినా, మీ దగ్గర పాతగా ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి ఆ మనిషి గొంతు విన్నాకే డబ్బు పంపండి. మీ ఖాతా మారినా అలాగే ఫోన్ చేసి చెప్పండి.

ఏడో మెట్టు: అన్నం, గ్లాసు, కవరు

'హ్వేషిక్' అంటే పని అయ్యాక అందరూ కలిసి భోంచేయడం. పిలిస్తే వెళ్లండి. పెద్దవాళ్లకు రెండు చేతులతో పోయండి, మీకు పోస్తుంటే రెండు చేతులతో గ్లాసు పట్టుకోండి, పెద్దాయన ఎదుట తాగేటప్పుడు మొహం కొంచెం పక్కకు తిప్పుకోండి. మీ గ్లాసు మీరే నింపుకోకండి. తాగని అలవాటైతే మొదటిసారే చెప్పేయండి, గ్లాసులో నీళ్లతోనైనా కలవండి. వాళ్లు చూసేది మీరు కూర్చున్నారా లేదా అన్నదే. శాకాహారులు ముందురోజే చెప్పాలి. కిమ్చీ కూరగాయేనని తినేస్తారేమో, దానిలో సాధారణంగా ఉప్పుచేపల రసమో రొయ్యలో ఉంటాయి. మన ఇంటికీ పిలవండి. కారం వాళ్లకు కొత్త కాదు. ఇంట్లో వండిన అన్నం పెట్టిన మనిషిని వాళ్లు వేరేగా చూస్తారు.

బహుమతుల్లో జాగ్రత్త. చాలా పెద్ద కంపెనీలు సప్లయర్ల నుంచి ఏమీ తీసుకోవద్దని తమ ఉద్యోగులకు నియమం పెట్టాయి. ప్రభుత్వ సంస్థల వాళ్లకు, టీచర్లకు, విలేకరులకు 2016 సెప్టెంబరు 28 నుంచి చట్టమే ఉంది, వాళ్లకు పెట్టే భోజనానికీ పరిమితి ఉంది, 2024 ఆగస్టులో దాన్ని 30,000 వాన్‌ల నుంచి 50,000కు పెంచారు. ఖరీదైన వస్తువు ఇస్తే ఆయన్ని ఇరుకున పెట్టినట్టే. ఒక మిఠాయి పెట్టె ఆఫీసు మొత్తానికి ఇవ్వండి. నాలుగు వస్తువుల సెట్ వద్దు, నాలుగు అంకె వాళ్ల భాషలో చావు అనే మాటలా వినిపిస్తుంది.

డబ్బుతో కొనలేనిది ఒకటుంది. ఇంట్లో పెళ్లి, చావు లాంటివాటిని కలిపి 'క్యొంగ్‌జోసా' అంటారు. చావుకి మూడు రోజుల తంతు, ఎక్కువగా ఆసుపత్రికి ఆనుకుని ఉన్న హాల్లో జరుగుతుంది. తెల్ల కవర్లో డబ్బు ఇస్తారు, 30,000, 50,000, 70,000 లేదా 100,000 వాన్‌లు. మన చదివింపుల్లో 116, 516 అన్నట్టు అక్కడా అంకెకి పట్టింపు ఉంది. కంపెనీల పేర్లు రాసిన రిబ్బన్లతో పూల చట్రాలు వరసగా నిలబెడతారు. ఇక్కడి ఛాజాంగ్ ఒకాయన తండ్రి పోయి రాత్రికి రాత్రే బయల్దేరాడు. మా ఓనర్ గారు ఆయన సహోద్యోగిని అడిగి హాల్ ఎక్కడో తెలుసుకుని, అక్కడి పూల దుకాణంలో చెప్పించి మా కంపెనీ పేరుతో పూలు పెట్టించారు. పది రోజులకు ఆయన తిరిగొచ్చి నేరుగా మా షాప్‌కే వచ్చాడు. ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. పెద్ద పెద్ద కొరియన్ కంపెనీల రిబ్బన్ల మధ్య మాది ఒకటి, అక్షరాల్లో చిన్న తప్పుతో. దాన్ని వేలితో చూపిస్తూ ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఎనిమిదో మెట్టు: మనిషి మారినప్పుడు మొదటికి రాకుండా చూసుకోండి

కొరియా నుంచి వచ్చిన ఉద్యోగి, 'జుజేవన్' అంటారు, సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు ఉండి వెళ్లిపోతాడు. మీ నమ్మకమంతా ఆ ఒక్క మనిషి దగ్గరే ఉంటే ఆయన విమానం ఎక్కగానే అదీ ఎక్కేస్తుంది. కొత్తాయనకు మీరెవరో తెలియదు. పాతాయన నోటిమాటగా ఒప్పుకున్నవేవీ కాగితం మీద ఉండవు.

బదిలీలు ఎక్కువగా ఏడాది చివర, కొత్త ఏడాది మొదట్లో తెలుస్తాయి. నవంబరులోనే ఒక ఫైలు తయారుచేయండి. నోటిమాట ఒప్పందాలు అన్నీ తేదీలతో ఒక పేజీ. మూడేళ్లలో జరిగిన తప్పులు, ప్రతిదానికీ మీరు ఎప్పుడు చెప్పారు, ఏం చేశారు. ఈ రెండో పేజీ పెట్టడానికి మా ఓనర్ గారు మొదట ఒప్పుకోలేదు, మన తప్పులు మనమే రాసిస్తామా అన్నారు. కొత్తాయన ఎలాగూ పాత ఫైళ్లలో వాటిని చూస్తాడు. మీ దగ్గర నుంచి వచ్చిన పేజీలో 'తెలిసిన సమయం', 'చెప్పిన సమయం' అని రెండు గళ్లు పక్కపక్కన ఉంటే ఆయన చూసేది వాటి మధ్య ఎన్ని నిమిషాలున్నాయనే.

పాతాయన, కొత్తాయన ఇద్దరూ ఉన్న వారంలోనే మీ షాప్‌కి ఒకసారి రమ్మనండి. 'ఇన్సు ఇన్‌గ్యే', అంటే బాధ్యతలు అప్పగించే వారం అది, తీరిక ఉండదు, అయినా గంటసేపు వస్తారు. ఆ ఫైలు పాతాయన చేతికివ్వండి, ఆయనే దాన్ని రెండు చేతులతో కొత్తాయనకి అందించేలా.